ఒక తలకు ఒకే కాయ

హిందూపురం,
జూన్ 9.

తమ్ముడు లోకేషుకు,

ఆశీర్వాదం రాయడానికి చెయ్యి రావడం లేదు. అందుకే నేరుగా తిట్లతో మొదలుపెడుతున్నాను.

ఫోను ఉండగా అక్క ఉత్తరం ఎందుకు రాసిందా అని నవ్వుకుంటావేమో. పోయిన వారం ఫోన్లో నిన్ను తిట్టిన తిట్లన్నీ రికార్డు చేసి, వెనక డప్పు కొట్టించి, రీలు చేసి వదిలావు కదా. ఇక్కడ గార్మెంట్సు ఫ్యాక్టరీలో నా పక్క మిషను సుశీలమ్మది. ఆమే చూపించింది. "వరలక్ష్మీ, ఈ గొంతు నీదే కదమ్మా?" అంది. లైన్లో ఆడవాళ్ళంతా పడీ పడీ నవ్వారు. గదికి వచ్చి నా ఫోనును గడప మీద పెట్టి, గుండ్రాయి ఎత్తి దాని ముఖం పగిలేదాకా కొట్టాను. అద్దం పెంకు బొటనవేల్లో దిగింది. రక్తం కారుతున్నా ఇంకో రెండు దెబ్బలు ఎక్కువే వేశాను. ఇక నా గొంతు నీకు దొరకదు. ఈ కాగితానికి డప్పు కొట్టించుకో, చూద్దాం.

ఇప్పుడు అసలు సంగతి. నాయన బతికున్నన్నాళ్ళూ మన ఊరి బీరప్ప జాతరలో భక్తుల తలల మీద టెంకాయలు కొట్టిన చెయ్యి ఆయనది. దానికి ముందు ఆయన ఎన్ని రోజులు ఉపవాసం ఉండేవాడో, ఒక్కో కాయను చెవి దగ్గర పెట్టుకుని తట్టి సులువుగా పగలని మొండికాయలన్నీ ఎలా పక్కన పడేసేవాడో నువ్వు పక్కనే కూర్చుని చూశావు. ఒక తలకు ఒకే కాయ. మళ్ళీ ఏడాదికే. ఒకసారి మన ఓబుళప్ప మామ "ఇంగొకటి కొట్టన్నా, పోయినేడాది మొక్కు నిలిచిపోయింది" అంటే నాయన జాతరలోనే ఆయన చెంప పగలగొట్టాడు. "మొదటిది కొట్టేది దేవుడు. రెండోది కొట్టినానంటే అది నేను కొట్టినట్టు" అన్నాడు.

నువ్వేమో ధర్మవరంలో గది తీసుకుని, ముఖమంతా పసుపు మెత్తి కళ్ళకు గుడ్డ కట్టిన మనిషిని కూర్చోబెట్టి, రోజూ కొడుతున్నావు. కొట్టి, ఆఖర్న తలనూనె సీసా చూపిస్తున్నావు. వజ్రశిఖ తైలం రాసిన తల పగలదట! బీరప్పను తీసేసి ఆ చోట సీసా పెట్టావు. నీకు సిగ్గు లేదా?

ఆ కూర్చున్నవాడు ఎవరు? వాడికి ఇల్లూ వాకిలీ లేవా? ఏ ఊరి ఆడపిల్ల మొగుడో పాపం అనుకున్నాను. ఫోను పగలగొట్టక ముందు ఊళ్ళో ఉన్న మీ బావను అడిగితే "నాకేం తెల్సు, నేను పొద్దన లేస్తే గొర్రెల ఎనక పోతాండా" అన్నాడు. ఆదివారాలు ఇక్కడికి వచ్చే మనిషి నెల రోజులుగా రావడం కూడా లేదు. గొర్రెలకు జబ్బు చేసిందట.

మానెయ్యి. నాయన చెయ్యి అమ్మకానికి లేదు.

నీ అక్క,
వరలక్ష్మి


ధర్మవరం,
జూన్ 21.

కోపిష్టి అక్కకు,

నీ ఉత్తరం చేరింది. పోస్టాఫీసులో ఇన్‌లాండ్ లెటర్ అడిగితే ఆ కౌంటరాయన నన్ను ఎగాదిగా చూసి, "ప్రేమా?" అన్నాడు. "కాదు సార్, మా అక్క" అన్నాను. పాపం జాలిపడ్డాడు.

నువ్వు తిట్టినంత ఘోరమేమీ జరగడం లేదు. అనిలన్న బెంగళూరులో ప్రకటనల కంపెనీలో చేసి వచ్చిన మనిషి. ఇక్కడ పట్టుచీరల అంగళ్ళకు వీడియోలు చేస్తాడు. నన్ను చీరల మూటలు మొయ్యడానికి పెట్టుకున్నాడు. ఒకరోజు నాయన జాతరలో కొడుతున్న పాత వీడియో నా ఫోన్లో చూసి కుర్చీలోంచి లేచాడు. "చీర మడత ఇప్పితే మూడు సెకండ్లు చూసి పోతారప్పా. దీన్ని చూసినోడు కదల్లేడు" అన్నాడు. అంతే, మూటలు మోసేవాడిని మనిషినయ్యాను.

నీకు అర్థమయ్యేటట్టు చెబుతాను. చూసేవాడి వేలు ఎక్కడ ఆగిందో ఫోను కనిపెడుతుంది. ఒకడు ఆగితే ఇంకో పదిమందికి చూపిస్తుంది. ఆ పదిమందీ ఆగితే వెయ్యిమందికి. మొదట్లో కాయ పగిలితే ఆగారు. నెల తిరిగేసరికి అలవాటైపోయి ఎవరూ ఆగలేదు. అప్పుడు ఒకరోజు చిప్ప పెంకు గుచ్చుకుని ఆ మనిషి నుదుటి మీదికి సన్నగా రక్తం దిగింది. పసుపు మీద ఎరుపు. ఆ రీలును లక్షలమంది చూశారు. అనిలన్న ఆ రక్తం మీద వేలు పెట్టి, "ఇదీ! ఇది రావల్ల" అన్నాడు. అప్పటినుంచి నాయన పక్కన పడేసే మొండికాయలే ఏరి తెస్తున్నాను. కాయను తట్టి గుర్తుపట్టే చెవి నాకూ ఉందని తెలిసి గర్వంగా ఉంది, నువ్వు ఏమన్నా అను.

కూర్చునే మనిషిది తలుపుల అనే ఊరు. నీకు తెలియదు. పెళ్ళాం నోటికి జడిసి ఇక్కడికి వస్తున్నాడు.

అనిలన్న నీ ఉత్తరాన్ని కెమెరా ముందు చదవమన్నాడు. అది మాత్రం చెయ్యలేదు. దానికైనా నన్ను మెచ్చుకో.

లోకేష్


హిందూపురం,
జూలై 22.

లోకేషూ,

నువ్వు చెప్పిన తలుపుల ఊరి మనిషి నిన్న నా గదికి వచ్చాడు. నా మంచం మీద కూర్చుని, నేను చేసిన రాగిసంగటి తిన్నాడు. తలగుడ్డ తియ్యలేదు.

నాలుగేళ్ళుగా బస్టాండు నుంచి నా గదికి కళ్ళు మూసుకుని నడిచి వచ్చే మనిషి, నిన్న దారి తప్పి మార్కెట్టు దగ్గర తిరుగుతుంటే సుశీలమ్మ చూసి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. "ఏమబ్బా, దారి మర్చిపోయినావా?" అంటే "ఎండకు కండ్లు తిరిగినాయి" అన్నాడు. సంగటి ముద్దను పప్పులో కాక నీళ్ళ చెంబులో ముంచాడు. నాకు అనుమానం వచ్చి తలగుడ్డ పట్టుకుని లాగాను. అది ఊడి రాలేదు. పుండు రసికి అంటుకుపోయి ఉంది. ఇంకా గట్టిగా లాగాను. గుడ్డతోపాటు చర్మం వచ్చింది.

నేను అరిచిన అరుపుకు వాడంతా లేచింది. ఆయన నన్ను కొట్టాడు. పెళ్ళయిన నాటినుంచి నా మీద చెయ్యి ఎత్తని మనిషి, చెంప మీద కొట్టాడు. నేను సంగటి తెడ్డు తీసుకుని వీపు మీద, భుజం మీద, మోకాలి మీద కొట్టాను. తలను మాత్రం తప్పించాను. తెడ్డు విరిగింది. ఆయన నేల మీద కూలబడి, నేను ఏడుస్తున్నానని కూడా చూడకుండా, "ఆయమ్మ ఫోను ఇప్పియ్యి వరాలూ, కామెంట్లు చూడల్ల" అన్నాడు.

ఆయనే చెప్పాడు. "ఇరవై ఏండ్లు గొర్రెల ఎనక తిరిగినా. గొర్రెలు తప్ప నన్ను తలెత్తి చూసినోళ్ళు లేరు. ఇప్పుడు యాడాడి నుంచో రాస్తాండారు, రాతితలన్నా, సింహమన్నా అని."

"నొప్పి లేదా నీకు?"

"నొప్పి పుట్టిందంటే మొక్కులో లోపముండాదని. అందుకే మాపటిపూట కూడు మానేసినా."

విన్నావా? దెబ్బకు తల చితుకుతుంటే, ఉపవాసం చాలలేదనుకుని అన్నం మానేశాడు మీ బావ. బీరప్ప ముందు కూర్చున్నవాడు అట్లా అనుకుంటే అర్థముంది. తలనూనె అమ్మడానికి ఉపవాసమేమిట్రా?

డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళి స్కానింగు తీయించాను. ఎముక మీద సన్నటి బీట పడిందన్నాడు. ఇంకో దెబ్బ పడితే లోపల రక్తం నిలిచి మనిషి లేవడన్నాడు. ఆ మాట మీ బావ ముందే చెప్పాడు. మీ బావ గోడకున్న క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు.

సుశీలమ్మ సంగతి కూడా విను. ఆమె నాకోసం నీ రీలు ఒక్కసారి ఆపి, అది మా ఆయనేనా అని దగ్గరగా చూసింది. ఆ ఆగినందుకు ఇప్పుడు ఆమె ఫోన్లో పొద్దున లేస్తే రక్తమే. కోళ్ళు పొడుచుకునేవి, మనుషులు నరుక్కునేవి, బండ్ల కింద పడినవి. "నేను అడగలేదమ్మా ఇవన్నీ" అని ఏడుపు ముఖం పెట్టింది. పాటలు చూసుకునే మనిషి ఆమె.

ఇంకొక్క కాయ మీ బావ తల మీద పడిందంటే ఆ చెయ్యి నీకు ఉండదు. గొర్రెను కోసే కత్తి తీసుకుని వస్తాను. మణికట్టు దగ్గర కోస్తాను. నేను బెదిరిస్తున్నానని అనుకోకు.

వరలక్ష్మి


ధర్మవరం,
ఆగస్టు 17.

అక్కా,

తప్పయింది. బావ పేరు దాచాను. బావే దాచమన్నాడు, అయినా నేను చెప్పి ఉండాల్సింది.

నీ ఉత్తరం వచ్చిన రోజే ఆపేశాను. నమ్ము. బావ లేకుండా వేరేవాళ్ళను పెట్టి చూశాం, ఎవరూ ఆగలేదు. మా వీడియోల పేజీ పడిపోయింది. అప్పుడు కింద కామెంట్లు మొదలయ్యాయి. రాతితల పారిపోయాడు, పెళ్ళాం కొంగు కింద దాక్కున్నాడు, కర్ణాటకలో ఒకడు రోజుకు మూడు కొట్టించుకుంటున్నాడు, వాడూ మగాడు, నువ్వూ మగాడివేనా అని. ఊళ్ళో ఎవరి ఫోన్లోనో బావ అవి చూశాడు.

పోయిన శుక్రవారం నా గది తలుపు తన్ని లోపలికి వచ్చాడు. చంకలో మూడు కాయలు. "కొట్టు" అన్నాడు. కొట్టనన్నాను. నా గొంతు పట్టుకుని గోడకు నొక్కాడు. "నువ్వు కొడతావా, నేనే గోడకు కొట్టుకోనా?" అన్నాడు. నాకు ఊపిరి ఆడలేదు అక్కా, కళ్ళ ముందు నల్లగా అయ్యింది. మోకాలితో పొత్తికడుపులో పొడిస్తే వదిలాడు. వదిలి, నిజంగానే తలను గోడ వైపు విసిరాడు. నేను అడ్డం పడ్డాను. నా పంటికి ఆయన నుదురు తగిలి పై పెదవి చీలింది. ఇద్దరం నేల మీద పడి చాలాసేపు రొప్పాం. మన ఇంట్లో మీ పెళ్ళిరోజున నా జేబులో మిఠాయిలు దూర్చిన బావ, నన్ను చంపబోయాడు.

ఇంకొకటి కూడా చెప్పాలి. నిన్న అనిలన్న ఆఫీసులో లేనప్పుడు కంప్యూటరు తెరిచి ఉంది. ఆ తిట్టిన కామెంట్లలో సగం మా ఆఫీసు నుంచే వెళ్ళాయి. కర్ణాటక మనిషి అనేవాడు అసలు లేడు. ముఖం కనపడకుండా తీసిన వేరే ఎవరిదో వీడియో. అడిగితే అనిలన్న నవ్వాడు. "పొట్టేలును పందెంలోకి దింపాలంటే ఇంగొక పొట్టేలును చూపించొద్దా లోకేషూ?" అన్నాడు.

ఓబులదేవరచెరువు దగ్గర ఒకడు ఆ నూనె రాసి వాళ్ళ తమ్ముడి తల మీద కాయ కొట్టాడట. ప్రాణం పోలేదట.

నేను బావను కొట్టను. నువ్వు ఆయన్ను ఇంట్లో పెట్టుకో, కట్టేసైనా సరే.

లోకేష్


పెనుకొండ,
సెప్టెంబరు 28.

లోకేషూ,

ఫ్యాక్టరీకి సెలవు పెట్టి ఊరికి వచ్చి నెలయింది. ఈ ఉత్తరం పెనుకొండ బస్టాండులో కూర్చుని రాస్తున్నాను. ధర్మవరం నుంచి వస్తున్నాను. నీకు తెలిసే ఉంటుంది. మీ ఆఫీసు లోపలి గది గుమ్మం దగ్గర నీ చెప్పులు చూశాను.

నువ్వు బయటికి వస్తావని కొంతసేపు ఎదురుచూశాను. రాలేదు. అయినా నువ్వు ఏమేం విన్నావో నాకు తెలియదు కాబట్టి రాస్తున్నాను.

దసరా రోజు పెనుకొండ కొండ కింద వేదిక కట్టి, లైవులో, రాతితల మళ్ళీ వస్తున్నాడని బోర్డులు వేశారు. దాని మీద నీ బొమ్మ కూడా ఉంది, చేతిలో కాయతో. కొట్టనని నాకు రాసిన చెయ్యే కదా అది? అది అడగడానికే వెళ్ళాను. అక్కడ ఒక పిల్ల నన్ను మర్యాదగా కూర్చోబెట్టి, కంప్యూటర్లో ఒక గీత చూపించింది. అది నిటారుగా లేచిన చోట వేలు పెట్టి, "ఈడ అంకుల్ మూలిగినాడు మేడమ్, చూడండి ఎంత లేచిందో" అంది. ఆ పిల్ల చెడ్డది కాదు. పరీక్షలో మంచి మార్కులు వచ్చినట్టు చెప్పింది.

అనిల్ వచ్చాడు. "నీ మొగుడే కావల్లన్నాడక్కా, నేను పిలవలేదు. నువ్వు కూడా రా. నీ కోపం మాకు బంగారం. వారానికొకసారి వచ్చి నిలబడి తిట్టిపో చాలు" అన్నాడు. నేను చెప్పు తీసి ముఖం మీద కొట్టాను. ముక్కు పగిలేదాకా కొట్టాను. ఆ కంప్యూటరును బల్ల మీదినుంచి లాగి కింద పడేశాను. వాడు రక్తం కారుతున్న ముక్కు పట్టుకుని, నా వైపు కూడా చూడకుండా, మూలనున్న వాడిని "తీసినావా?" అని అడిగాడు.

బస్సు పెనుకొండ చేరేలోపల పక్క సీటు ఆమె ఫోన్లో నేనే ఉన్నాను. చెప్పు ఎత్తిన నేను. కింద నూనె సీసా. చెప్పుదెబ్బకూ చెదరని జుట్టు అని రాసి ఉంది. నాకు నవ్వు వచ్చింది, ఆ వెంటనే వాంతి వచ్చింది. ఆమె పక్కకు జరిగింది.

నేను ఇన్నాళ్ళూ అరిచి, పగలగొట్టి, కొట్టి, ఏదో చేస్తున్నానని అనుకున్నాను. వాళ్ళకు మేత వేస్తూ ఉన్నాను. నా తిట్లు అమ్ముకున్నారు, నా చెప్పు అమ్ముకున్నారు. కత్తితో నీ చెయ్యి నరికితే అదీ అమ్ముకుంటారు. అందుకే కత్తి తేను. ఇక అరవను కూడా.

మీ బావను గొలుసు వేసి కట్టాను. మొన్న నేను నీళ్ళకు పోయినప్పుడు గుంజ పీకి పారిపోయాడు. నీ దగ్గర ఉన్నాడో అనిల్ దగ్గర ఉన్నాడో నాకు తెలియదు. దసరాకు నేను పెనుకొండకు వస్తాను. ఆ తల మీద ఇంకో దెబ్బ పడితే ఆయన ఉండడు. డాక్టరు మాట నీకు మళ్ళీ గుర్తు చేస్తున్నాను. ఇంతకన్నా రాయడానికి నా దగ్గర ఏమీ లేదు.

వరలక్ష్మి


పెనుకొండ సబ్ జైలు,
అక్టోబరు 16.

అక్కా,

నువ్వు అక్కడే ఉన్నావు, అంతా చూశావు. కానీ నా వైపు నుంచి ఏం జరిగిందో నీకు తెలియదు. అది చెప్పకుండా నిన్ను అక్కా అని పిలవలేను.

నువ్వు మా ఆఫీసుకు వచ్చినప్పుడు లోపలి గదిలో నేను ఒక్కడినే లేను. బావ కూడా ఉన్నాడు. నా నోరు చేత్తో మూసి పట్టుకున్నాడు. అది నిజం. ఇంకో నిజం ఏమిటంటే, నేను గట్టిగా విదిలించుకోలేదు.

అనిల్ నాతో చెప్పాడు, దసరా రోజు కొట్టే కాయకు ముందే రంపంతో కనపడని గీత పెట్టించాను, తాకితే చాలు విచ్చుకుంటుంది, బావకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు అని. ఈ ఒక్కసారితో బావ కోరిక తీరుతుంది, పేజీ మూసేద్దాం అన్నాడు. నమ్మాను. నమ్మాలని ఉంది కాబట్టి నమ్మాను. కాయను ఒక్కసారి తట్టి చూస్తే తెలిసిపోయేది. తట్టలేదు.

ఎదురుగా స్టాండుకు పెద్ద ఫోను. దాంట్లో నేను, బావ, పక్కన ఎంతమంది చూస్తున్నారో ఎక్కుతున్న అంకె. అనిల్ "ఇంగా ఆగు, ఇంగా ఆగు" అంటున్నాడు. కాయ ఎత్తి పట్టుకుని నేను అంకెనే చూస్తున్నాను. జనం ఒక్కసారి హో అన్నారు. అది నిన్ను చూసి అన్నారని నాకు తెలియదు. లైవులో బొమ్మ కొన్ని క్షణాలు వెనకపడి వస్తుంది. నువ్వు అప్పటికే వేదిక ఎక్కి, బావ వెనక మోకాళ్ళ మీద కూర్చుని, తలకు నూనె అంటేటప్పటిలాగా ఆయన నడినెత్తి మీద కుడిచెయ్యి పరిచావు. ఒక్క మాట కూడా అనలేదు. నా ఎదుట ఫోన్లో మాత్రం బావ తల ఇంకా ఖాళీగానే ఉంది. నేను ఆ తలను చూస్తూ కొట్టాను.

కాయ పగల్లేదు. నీ వేళ్ళు పగిలాయి. ఆ చప్పుడు విని కిందికి చూశాను. నీ చూపుడు వేలు వెనక్కి మడిచి ఉంది. మధ్య వేలు ఎముక బయటికి వచ్చింది. నీ రక్తం బావ పసుపు ముఖం మీదుగా నోట్లోకి పోతోంది. నువ్వు అరిచావు. అప్పుడు ఎదురుగా ఫోన్లో నువ్వు నెమ్మదిగా వేదిక ఎక్కుతూ కనిపించావు. ఒకసారి చేసిన పనిని రెండోసారి కూర్చుని చూసినట్టు చూశాను అక్కా. ఆపలేకపోయాను.

అనిల్ ఎగిరి గంతులు వేస్తూ, "కట్ చెయ్యొద్దు! దగ్గరికి పో, చెయ్యి మీదికి పో" అన్నాడు. నా చేతిలో కాయ అట్లాగే ఉంది. దాంతో వాడి దవడ మీద కొట్టాను. పండ్లు రాలాయి. పడిపోయాక కూడా కొట్టాను. భుజం ఎముక విరిగిన చప్పుడు విన్నాను, ఇంకా కొట్టాను. వీడియో తీసేవాడు ఒక్కసారి కూడా ఫోను దించలేదు. నా చుట్టూ తిరిగి తిరిగి తీశాడు. పోలీసులు పట్టుకున్నాక కూడా నా కుడిచెయ్యి కాయను వదల్లేదట, వేళ్ళు ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చిందట.

వాడు బతికాడు. చస్తాడేమోనని మూడు రోజులు వణికాను. చావనందుకు కూడా కొంచెం కోపం ఉంది, అది కూడా నీకు చెబుతున్నాను.

ఇక్కడ ఫోను లేదు. మొదటి వారం నా బొటనవేలు దుప్పటి మీద పైకి తోస్తూనే ఉంది. ఇప్పుడు కొంచెం తగ్గింది. పక్కన పడుకునే మారప్ప అనే పెద్దాయన "ఏమప్పా, పేలు కుక్కుతాండావా?" అని నవ్వాడు.

నీ చెయ్యి ఎట్లా ఉంది? మళ్ళీ మిషను తొక్కి గుడ్డ పట్టుకోగలవా? బావ తల ఎట్లా ఉంది? నన్ను క్షమించమని అడగను. రాస్తే చాలు.

లోకేష్


రొద్దం దగ్గర మన ఊరు,
నవంబరు 11.

లోకేషూ,

ఎడమచేత్తో రాస్తున్నాను. అక్షరాలు కొండలూ గుట్టలుగా పోతున్నాయి, సర్దుకుని చదువుకో.

రెండు వేళ్ళు తీసేశారు. బొటనవేలూ చిటికెన వేలూ కదులుతున్నాయి. ఉంగరం వేలు సంగతి ఇంకా తెలియదు. ఫ్యాక్టరీ పని అయిపోయినట్టే. సుశీలమ్మ వచ్చి నా మంచం పక్కన కూర్చుని, నా జీతం పోయినందుకు నాకన్నా ఎక్కువ ఏడ్చి వెళ్ళింది. నిన్ను క్షమించానో లేదో నాకే తెలియదు. చెయ్యి సలిపినప్పుడు నిన్ను చంపాలనిపిస్తుంది. సలపనప్పుడు నువ్వు అక్కడ ఏం తింటున్నావో అనిపిస్తుంది. వదిలిన రోజున మాత్రం నేరుగా ఇంటికి రా.

మీ బావ బతికాడు. తల మీద పుండ్లు మానాయి. దారి మర్చిపోవడం తగ్గింది. అయితే మనిషి నా వైపు చూడడం లేదు. పెట్టింది తింటాడు, పడుకోమంటే పడుకుంటాడు. అప్పుడప్పుడు గోడవైపు తిరిగి, అక్కడేదో కదులుతున్నట్టు చూస్తాడు. ఈ తల కోసమా నా చెయ్యి పోగొట్టుకున్నాను అని నాకు ఒక్కొక్కసారి మండుతుంది.

నిన్న సాయంత్రం నేను ఎడమచేత్తో పొయ్యి ఊదుతుంటే పంచలోంచి నా అరుపు వినపడింది. నా గొంతే. ఆగి, మళ్ళీ అదే అరుపు. వెళ్ళి చూస్తే, పక్కింటి హనుమక్క మరిచిపోయిన ఫోను మీ బావ చేతిలో ఉంది. పెనుకొండ రీలు. నీ చెయ్యి దిగుతుంది, నా వేళ్ళు పగులుతాయి, నేను అరుస్తాను. అయిపోగానే మళ్ళీ మొదటినుంచి. దాని కింద నొప్పి తగ్గించే మందు ప్రకటన వస్తోంది. ఆయన నవ్వుతున్నాడు. ఎన్ని నెలల తర్వాత నవ్వాడో! "చూడు వరాలూ, ఎంతమంది చూసినారో! మనం గెలిచినాం" అన్నాడు. అని, మళ్ళీ పెట్టాడు.

నా చెయ్యి గుండ్రాయి కోసం లేచింది. ఆ ఫోనునే కాదు, ఆయన్ను కూడా అక్కడే చితక్కొట్టాలనిపించింది. నిజం చెబుతున్నాను. ఆ తలనే పగలగొట్టాలనిపించింది.

గుండ్రాయి ముట్టలేదు. వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. పళ్ళతో కట్టు విప్పాను. ఆయన ఖాళీ చెయ్యి తీసుకుని, నా చేతిలో వేళ్ళు పోయిన చోట, ఇంకా మానని కుట్ల మీద పెట్టి, ఆ చేతి మీద నా మోకాలు వేసి నొక్కాను. కుట్టు తెగింది. నేను అరిచాను. అదే సమయానికి ఫోన్లో కూడా నేను అరుస్తున్నాను. ఆయన ముందు ఫోను వైపు చూశాడు. నేను ఇంకా నొక్కాను. ఆయన అరచెయ్యి తడిసింది. ఫోన్లో అరుపు అయిపోయింది, నాది అయిపోలేదు. అప్పుడు ఆయన తన చెయ్యి చూసుకున్నాడు. ఆ తర్వాత నా చెయ్యి చూశాడు. ఆ తర్వాత, లోకేషూ, తల తిప్పి నా ముఖం చూశాడు.

"వరాలూ, నొప్పిగా ఉండాదా?" అన్నాడు.

ఆ రీలు కింద వేలమంది ఏదేదో రాశారట. హనుమక్క కోడలు అంతా వెతికి చూసింది. ఈ మాట ఒక్కరూ అడగలేదట.

"శానా నొప్పిగా ఉండాది" అని చెప్పాను. ఆయన తన తలగుడ్డ విప్పి నా చేతికి చుట్టాడు. వంకరటింకరగా చుట్టాడు. ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఫోను నేల మీద పడి అరుస్తూనే ఉంది, హనుమక్క వచ్చి దాన్ని తీసుకుని పోయేదాకా. మేము ఆ వైపు చూడలేదు.

అక్క